పుల్లీ మీద తెల్ల గీత

గీతల మేస్త్రీ అసలు పేరేమిటో తెలుసుకోవాలంటే ఆయన షెడ్డు కరెంటు బిల్లు వెతకాలి. ఇరవై ఏడేళ్లుగా ఆయన పాత కార్లు బాగుచేస్తున్నాడు. ఆ చేతుల మీదుగా వెళ్లిన ప్రతి కారుకీ ఇంజను ముందు భాగంలో, ఫ్యాన్ బెల్టు తిప్పే పెద్ద పుల్లీ అంచున, ఒక తెల్ల గీత కనిపిస్తుంది. అగ్గిపుల్ల మందాన, సూటిగా ఉంటుంది. కంపెనీవాళ్లు అక్కడ చిన్న గాటు పెట్టే పంపిస్తారు గానీ, జిడ్డూ మట్టీ పట్టి అది ఎవరి కంటికీ ఆనదు. మేస్త్రీ కిరసనాయిలు గుడ్డతో పుల్లీని తుడిచి, గాటు వెతికి పట్టుకుని, సన్నటి కుంచెతో దాని మీద తెల్ల రంగు పూస్తాడు. ఆ రంగు ఆరేదాకా పసిపిల్ల నిద్రపోతున్న గదిలా షెడ్డంతా మాటాపలుకూ లేకుండా ఉండాలి.

ఆ గీత టైమింగు కోసం. ఇంజనులో పెట్రోలు ఆవిరి మీద నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నదే టైమింగు. పిస్టన్ పైకి వస్తూ, ఇంకాస్తలో కొసకి చేరుతుందనగా పడాలి. బాగా ముందే పడితే, పైకి వస్తున్న పిస్టన్ నెత్తి మీద సుత్తితో కొట్టినట్టే. ఆలస్యంగా పడితే బండి నీరసంగా ఈడ్చుకుంటూ నడుస్తుంది, ఊరికే వేడెక్కుతుంది. ఈ రవ్వను ఏ ప్లగ్గుకి ఎప్పుడు అందించాలో చూసుకునేది డిస్ట్రిబ్యూటర్ అనే డబ్బా. దాని మెడ దగ్గరి బోల్టు వదులు చేసి ఇటు తిప్పితే రవ్వ ముందుకి, అటు తిప్పితే వెనక్కి. ఎంత తిప్పాలో చెప్పేది గీత. ఇంజను నడుస్తుండగా టైమింగు లైటు పట్టుకుంటే, మొదటి ప్లగ్గులో రవ్వ పడ్డప్పుడల్లా లైటు మెరుస్తుంది. గిర్రున తిరిగే పుల్లీ ఆ మెరుపులో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. గీత వెళ్లి ఇంజను మీది ముల్లు దగ్గర, పది అంకెకి ఎదురుగా, అంటే పిస్టన్ కొసకి పది డిగ్రీల ముందు, నిలబడితే సరిపోయినట్టు. అప్పుడు మేస్త్రీ బోల్టు బిగించి, ఆ అంకెని అట్టముక్క మీద రాసి కారు యజమాని చేతిలో పెడతాడు. ఆ తర్వాత దాని గురించి సందేహం వెలిబుచ్చినవాడికి టీ కూడా ఇప్పించడు.

ఇక్కడ మేస్త్రీకి గిట్టని నిజం ఒకటి చెప్పుకోక తప్పదు. ఆయనకి చెవి లేదు. వినపడదని కాదు, పక్క సందులో తన గురించి అనుకునే మాట కూడా వినపడుతుంది. ఇంజను చప్పుడు విని దాని కష్టం పట్టుకునే చెవి లేదంతే. ఆ చెవి ఆయన తమ్ముడికి ఉంది. తండ్రి పోయాక తమ్ముణ్ణి తన షెడ్డులోనే పనిలో పెట్టుకుని, స్పానర్ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ తానే నేర్పాడు. చెవి మాత్రం తాను నేర్పింది కాదు. తమ్ముడు బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు సగం మూసి, నాలుగో ప్లగ్గు తడబడుతోందనేవాడు. విప్పి చూస్తే నాలుగో ప్లగ్గే. రానురాను కార్లవాళ్లు గేటు దగ్గరే ఆగి, చిన్న మేస్త్రీ ఉన్నాడా అని అడగడం మొదలుపెట్టారు. ఉన్నాడని చెప్పేటప్పుడు పెద్ద మేస్త్రీ ముఖంలో వెలుగు ఉండేది కాదు. తాను పెంచిన తమ్ముణ్ణే చూసి కుళ్లుకున్నాడు. ఆ మాట తనతో తాను కూడా అనుకోలేదు. చెవులు మోసం చేస్తాయిగానీ గీత మోసం చెయ్యదని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

అన్నదమ్ములు విడిపోయింది నర్సమ్మ కారు దగ్గర. ఆవిడ పెద్దాస్పత్రిలో హెడ్ నర్సు. కారు ఆవిడ భర్తది, ఆరు సిలిండర్లది, పొడుగాటి బానెట్టుది. ఆయన పోయాక ఆవిడే నడిపేది. ఎనిమిదేళ్ల కిందట ఆ కారు టైమింగు చూడమని మేస్త్రీ తమ్ముడికి చెప్పి, తాను వేరే కారు కిందికి దూరాడు. కాసేపటికి తమ్ముడు వచ్చి, గీత పది దగ్గరే ఉంది గానీ ఇంజను చప్పుడు తనకి నచ్చడం లేదన్నాడు. తనకి తోచినట్టు కొంచెం తిప్పి చూడనా అని అడిగాడు. మేస్త్రీ కారు కిందినుంచి తల కూడా బయటపెట్టలేదు. గీత ముట్టుకోవద్దని అక్కణ్ణుంచే కేకేశాడు.

మూడో రోజు నర్సమ్మ పక్క ఊరికి వెళ్తుంటే, ఎత్తు రోడ్డు సగం ఎక్కాక బండి ఊపిరి పోయినట్టు ఆగిపోయింది. వెనక గొట్టంలోంచి నీలం పొగ. లారీకి కట్టి లాక్కొచ్చారు. పైమూత విప్పి చూస్తే మూడో పిస్టన్ నెత్తి మీద బొటనవేలు పట్టేంత రంధ్రం. రవ్వ బాగా ముందే పడితే అలాగే కరుగుతుంది. మేస్త్రీకి ఇంకో ఆలోచన రాలేదు. నర్సమ్మ ఎదుట, మరో నలుగురు బయటివాళ్ల ఎదుట తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. పికప్ కోసం నీ చెవి చెప్పినట్టు ముందుకి తిప్పేశావు, తిప్పి గీత మీదే ఉందని నాతో బొంకావు, నువ్వు ఒట్టి అబద్ధాలకోరువి అన్నాడు. తమ్ముడు ఒక్కసారే, గీత మీదే పెట్టానన్నాడు. డిస్ట్రిబ్యూటర్ ఎక్కడుందో అప్పటికప్పుడు ఇంజను చేత్తో తిప్పి చూస్తే తేలిపోయేది. పది నిమిషాల పని. మేస్త్రీ చూడలేదు. తెలిసిన విషయానికి చూడటం దేనికి? సాయంత్రం తమ్ముడు తన పనిముట్లు గోనెసంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఊరికి ఆ చివర సొంతంగా చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. వాళ్ల భార్యలు మాత్రం కూరల బజార్లో కలుసుకుని ఇంటి సంగతులన్నీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నర్సమ్మ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఆ పిస్టన్లు అప్పట్లో దొరకలేదు. కారుని ఇంటికి తోయించుకుని, కాన్వాసు కప్పి, వేరే చిన్న కారు కొనుక్కుంది. మొన్న ఎండాకాలంలో పాత సామాన్ల వ్యాపారి దగ్గర సరైన పిస్టన్ల సెట్టు ఉందని తెలిసి మేస్త్రీకి కబురుపెట్టింది. తాను రిటైరైపోయిందట, ఇంక నడిపే ఏళ్లు ఎన్నో లేవట, ఆ కాసిన్నాళ్లూ తన భర్త కారే నడుపుతానంది. అలా ఆ కారు మళ్లీ షెడ్డుకి వచ్చింది.

కాన్వాసు తీసి బానెట్ ఎత్తగానే మేస్త్రీ చూపు డిస్ట్రిబ్యూటర్ మీద పడింది. ఎనిమిదేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తమ్ముడు బిగించిన బోల్టు అలాగే, దాని చుట్టూ దుమ్ము కూడా అలాగే ఉంది. మేస్త్రీకి హుషారు పుట్టుకొచ్చింది. తమ్ముడు ఎంత తిప్పాడో ఇప్పుడైనా లెక్కతో సహా తేల్చాలనుకున్నాడు. ఎనిమిదేళ్ల కిందటి తగువులో ఇవాళ గెలిచి ఏం చేసుకుంటాడో ఆయనకే తెలియాలి. షెడ్డులో పనివాళ్లందరికీ మధ్యాహ్నం సెలవిచ్చి పంపేశాడు. సిలిండర్లలో నూనె పోసి నానబెట్టి, పెద్ద స్పానర్‌తో ఇంజనుని మెల్లగా కదిలించాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల కలుస్తూ విడిపోతూ రవ్వ పుట్టించే పాయింట్ల మధ్య గట్టి కాగితం లాగి మసి తుడిచాడు. బ్యాటరీ తగిలించి, చిన్న బల్బు కలిపాడు. పాయింట్లు విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. ఆ క్షణానే రవ్వ పడుతుంది. అప్పుడు పుల్లీ మీద గీత ఎక్కడుందో చూస్తే సరి.

బల్బు వెలిగింది. గీత పది దగ్గర ఉంది.

మేస్త్రీ ఇంజనుని మరో రెండు చుట్లు తిప్పాడు. మళ్లీ పది. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి తిప్పాడు. గీత పది అంకె మీద, కావాలని అతికించినట్టు నిలబడింది. బోర్లించిన నూనె డబ్బా మీద కూలబడ్డాడు. తమ్ముడు నిజమే చెప్పాడు. నలుగురిలో అబద్ధాలకోరని తిట్టింది నిజం చెప్పినవాణ్ణి. ఎనిమిదేళ్లపాటు ఇంటి గడప తొక్కకుండా చేసింది నిజం చెప్పినవాణ్ణి.

అప్పుడే లేచి తమ్ముడి కొట్టుకి వెళ్లి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మేస్త్రీ లేచాడు గానీ, స్పానర్ తీసుకుని ఆ బోల్టు విప్పేశాడు. ఇంజను మొత్తం విప్పాలి కాబట్టి ఎలాగూ విప్పాల్సిందేనని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. డిస్ట్రిబ్యూటర్ చేతిలోకి వచ్చాక, తమ్ముడు చెప్పింది నిజమనడానికి ఇంక లోకంలో సాక్ష్యమేదీ మిగల్లేదు, మేస్త్రీ కళ్లు తప్ప.

తర్వాత ఐదు వారాలు ఆయన ఇంజను కడుతూనే ఉన్నాడు, సాకులు వెతుకుతూనే ఉన్నాడు. గీత సరిగ్గా ఉంటే పిస్టన్ ఎందుకు కరిగింది? కల్తీ పెట్రోలు అయ్యుండాలి. లేదా నర్సమ్మ టాప్ గేర్లోనే ఎత్తు ఎక్కించి ఉండాలి. లేదా తమ్ముడు ప్లగ్గులు తప్పుడువి వేసి ఉండాలి. ఈ మూడోది ఆయనకి బాగా నచ్చింది. డబ్బాలో దాచిన పాత ప్లగ్గులు తీసి నంబర్లు చూశాడు. అవి తాను కొనిపెట్టినవే. ఇంట్లో భార్య, నర్సమ్మ కారు ఎంతవరకు వచ్చిందని అడిగితే నీళ్లు నమిలాడు. నాలుగు రోజులుగా అన్నంలో మజ్జిగ పోసుకోవడం మర్చిపోతున్నాడని ఆవిడ గమనించింది. గమనించి ఊరుకుంది. ఈ మనిషిని అడిగితే ఇంకా మూసుకుపోతాడని ఆవిడకి బాగా తెలుసు.

కొత్త పిస్టన్లతో ఇంజను లేచి కూర్చుంది. మేస్త్రీ పుల్లీని తళతళలాడేలా తుడిచి, వెలిసిపోయిన గీత మీద మళ్లీ తెల్ల రంగు పూశాడు. లైటు పెట్టి పది దగ్గర బిగించాడు. నర్సమ్మని పిలిచి, తాను పక్క సీట్లో కూర్చుని, నీళ్ల ట్యాంకు దగ్గరి ఎత్తు రోడ్డు ఎక్కించమన్నాడు. సగం ఎక్కేసరికి, సత్తుగిన్నెలో గులకరాళ్లు పోసి ఊపినట్టు బానెట్ కిందినుంచి చప్పుడు మొదలైంది. మేస్త్రీకి కూడా వినపడేంత చప్పుడు.

నర్సమ్మ వెంటనే యాక్సిలరేటర్ వదిలేసి, కారు పక్కకి తీసింది. "మేస్త్రీ గారూ, ఆ రోజు ఆగిపోయే ముందు కూడా ఇదే చప్పుడు."

ఈసారి తిట్టడానికి పక్కన తమ్ముడు కూడా లేడు.

నాలుగు రోజులు షెడ్డులో వేరే పని ముట్టుకోలేదు. ట్యాంకులో పెట్రోలంతా తోడేసి తెలిసిన బంకునుంచి తెచ్చిపోశాడు. చప్పుడు పోలేదు. ప్లగ్గులు మార్చాడు. పాయింట్ల సందు కొలిచి చూశాడు, సరిగ్గా ఉంది. డిస్ట్రిబ్యూటర్ లోపల, వేగం పెరిగేకొద్దీ రవ్వని ముందుకి జరిపే చిన్న బరువులుంటాయి. వాటి స్ప్రింగులు సాగిపోతే టైమింగు హద్దు దాటుతుంది. అవి విప్పి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. రవ్వని ఇంకాస్త ముందుకి లాగే వాక్యూమ్ గొట్టం పీకి మూసి నడిపాడు. చప్పుడు కాస్త తగ్గిందేగానీ పోలేదు. ప్రతిసారీ లైటు పెట్టేవాడు, గీత పది దగ్గర బుద్ధిగా నిలబడేది. ప్రతిసారీ ఎత్తు రోడ్డు ఎక్కేవాడు, గులకరాళ్లు మోగేవి. బయట క్యూ కట్టిన కార్లవాళ్లు ముక్కూ మూతీ విరుచుకుని వెళ్లిపోతున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం, టిఫిన్ డబ్బా మూత తీసి ముందు పెట్టుకుని ముద్ద ఎత్తకుండా కూర్చున్నాడు. చూసినవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అన్నీ చూశాడు. చూడనిది ఒక్కటే మిగిలింది. అది గీత. గీతతో అన్నిటినీ కొలిచాడేగానీ, గీతని దేనితోనూ కొలవలేదు. ఇరవై ఏడేళ్లలో ఒక్కసారీ కొలవలేదు.

ఒక పాత ప్లగ్గు తీసుకుని లోపలి పింగాణీ పగలగొట్టాడు. ఆ ఖాళీలో పొడుగు బోల్టు బిగించి, దాన్ని మొదటి సిలిండర్‌కి తగిలించాడు. ఇప్పుడు పిస్టన్ పైకి వస్తే బోల్టుకి తగిలి కొసకి ముందే ఆగిపోతుంది. ఇంజనుని కుడివైపు మెల్లగా తిప్పి, ఆగినచోట ముల్లుకి ఎదురుగా పుల్లీ మీద సుద్దతో గుర్తు పెట్టాడు. ఎడమవైపు తిప్పి, ఆగినచోట ఇంకో గుర్తు. ఈ రెంటికీ సరిగ్గా నడిమధ్య ఉన్నది పిస్టన్ కొసకి చేరే అసలు స్థానం. కంపెనీ గాటు, దాని మీది తెల్ల గీత అక్కడే ఉండాలి. అక్కడ లేదు. వేలి మందం దూరంలో, తిరిగే వైపుకి ముందుగా జరిగి ఉంది.

పుల్లీ ఊడదీసి బల్ల మీద పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది. అది ఒకే ఇనుప ముద్ద కాదు. మధ్యలో ఒక చక్రం, దాని చుట్టూ బరువైన ఇనుప వలయం, రెంటినీ కలుపుతూ నడుమ రబ్బరు పట్టీ. ఇంజను అదురు తగ్గడానికి అలా చేస్తారని ఆయనకి తెలుసు. ఇంజను ముందువైపు నూనె కారకుండా ఆపే సీలు పాడై, ఏళ్ల తరబడి నూనె కారి, రబ్బరు ఉబ్బి, పట్టు వదిలేసింది. ఎప్పుడో బయటి వలయం కాస్త జారి, జారినచోటే మళ్లీ అతుక్కుపోయింది. గీత ఉన్నది ఆ వలయం మీద. పిస్టన్ కొసకి చేరకముందే గీత ముల్లు దగ్గరికి వచ్చేస్తుంది కాబట్టి, గీత చెప్పినట్టు పెట్టిన టైమింగు వేలి మందం ముందుంటుంది. తమ్ముడు పెట్టినా అంతే, మేస్త్రీ పెట్టినా అంతే. పిస్టన్ కరిగించింది ఆ గీతే. దాన్ని గీసింది, ముట్టుకోవద్దని కారు కిందినుంచి కేకేసింది, మొన్న దానికే మళ్లీ కొత్త రంగు పూసింది మేస్త్రీయే. ఎనిమిదేళ్ల కిందట అది తప్పని తెలిసిన మనిషి ఆ షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి వెళ్లగొట్టాడు.

సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులు కూడా విప్పకుండా, వంటింటి గుమ్మంలో నిలబడి భార్యకి మొత్తం చెప్పాడు. బల్బు సంగతి, బోల్టు విప్పేసిన సంగతి కూడా దాచలేదు. ఆవిడ స్టవ్వు ఆపి, చేతులు తుడుచుకుంటూ విన్నది.

"ఐదు వారాలుగా మింగలేక కక్కలేక తిరిగింది ఇందుకా?" అంది. "నాతో చెప్పి ఏం లాభం? ఇది వినాల్సిన మనిషిని నేను కాదు కదా."

"వాడు నా మొహం చూస్తాడా?"

"చూడకపోతే చూడడు. వెళ్లడం వరకు మీ పని."

మర్నాడు పొద్దున్న మేస్త్రీ పుల్లీని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని బస్సెక్కాడు. స్కూటరు ఉంది. కానీ స్కూటరైతే సగం దారిలో వెనక్కి తిప్పేస్తాడని ఆయనకే భయం. తమ్ముడి కొట్టు టైర్ల షాపుకీ లేతు మిషనుకీ మధ్య ఇరుక్కుని ఉంది. రెండు కార్లు పట్టే చోటు. గోడకి స్పానర్లు వరసగా, చిన్నా పెద్దా క్రమంలో వేలాడుతున్నాయి. అలా పెట్టడం మేస్త్రీ నేర్పిందే. లోపల స్టూలు మీద కూర్చుని సామాన్ల చీటీ రాస్తున్న మరదలు ముందుగా చూసింది. లేచి నిలబడి, రండి బావగారూ అని, లోపలికి చూసి, మీ అన్నయ్య వచ్చారని మాత్రం చెప్పింది. ఇంకేమీ అనకుండా టీ తెచ్చే వంకతో బయటికి వెళ్లిపోయింది.

తమ్ముడు బానెట్ కిందినుంచి తల ఎత్తాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. మేస్త్రీకి అది చూడగానే, దారంతా కూర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి. సంచిలోంచి పుల్లీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నర్సమ్మ కారుది," అన్నాడు. "నువ్వు బిగించింది బిగించినట్టే ఉంది. బల్బు పెట్టి చూశాను. మూడుసార్లు చూశాను. పది దగ్గరే ఉంది." వేలితో గీత చూపించాడు. "గీతే తప్పు. నువ్వు అబద్ధం చెప్పలేదురా. చూసి కూడా ఐదు వారాలు నోరు మూసుకుని కూర్చున్నాను. నీ దగ్గరికి రావడానికి మొహం చెల్లక."

తమ్ముడు పుల్లీని చేతుల్లోకి తీసుకుని, రబ్బరు అంచు వెంట గోటితో గీరాడు. సుద్ద గుర్తులు చూశాడు. వాటి మధ్యనుంచి గీతకి ఎంత దూరమో వేలు పెట్టి కొలుచుకున్నాడు.

"నువ్వు అబద్ధాలకోరన్నావని వెళ్లిపోలేదు అన్నయ్యా," అన్నాడు చివరికి. "నువ్వు తిడతావు, సాయంత్రానికి మర్చిపోతావు, నాకు తెలీదా? ఆ చప్పుడు తప్పని నాకు తెలుసు. ఇంజను పోతుందని తెలుసు. తెలిసి కూడా నువ్వు వద్దన్నావని బోల్టు బిగించేశాను. ఆవిడ ఆ ఎత్తు మీద ఒక్కత్తే చిక్కుకుపోయింది. నీ దగ్గరే ఉంటే మళ్లీ అలాగే చేస్తాను. నువ్వు చెబితే కాదనడం నాకు చేతకాదు. అందుకని వెళ్లిపోయాను."

మేస్త్రీ ఇది ఊహించలేదు. తిట్లు ఊహించాడు, తలుపు వేసుకోవడం ఊహించాడు. తాను ఇన్నాళ్లూ తమ్ముడి పొగరనుకున్నది తనమీద భయభక్తులని ఇప్పుడు తెలిసి సిగ్గుతో కుంచించుకుపోయాడు. కళ్లు తుడుచుకోవడానికి గుడ్డ కోసం తడిమితే, పుల్లీ చుట్టిన జిడ్డుగుడ్డ చేతికొచ్చింది. దాంతోనే తుడుచుకున్నాడు. చెంప మీద నల్లటి చార పడింది.

"ఇప్పుడైతే కాదనగలవా?" అని అడిగాడు.

తమ్ముడు పుల్లీని బల్ల మీద పెట్టాడు. "గలను."

"అయితే వచ్చి ఆ కారు చూడు. నేను చెప్పింది వినకు."

తమ్ముడు వెనక కుప్పలో వెతికి, తుక్కుకి వెళ్లిన అలాంటి కారుదే మరో పుల్లీ తీశాడు. దాని రబ్బరు గట్టిగా ఉంది. మరదలు తెచ్చిన టీ నిలబడే తాగి, ఇద్దరూ తమ్ముడి వ్యానులో షెడ్డుకి వచ్చారు. పుల్లీ ఎక్కించి, కొత్త సీలు వేసి, ఫ్యాన్ బెల్టు తగిలించేసరికి మధ్యాహ్నమైంది. ఆ రెండు గంటల్లో పనికి కావలసిన మాటలు తప్ప వేరే మాటలు లేవు. అయినా పదమూడో నంబరు స్పానర్ కావలసినప్పుడు అడగకుండానే చేతిలోకి వచ్చేది. టైమింగు లైటు బల్ల మీదే ఉంది. పుల్లీ మీది గాటు జిడ్డులో ఎక్కడో ఉంది. మేస్త్రీ కిరసనాయిలు గుడ్డ అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నర్సమ్మని పిలిచారు. ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. తమ్ముడు నడిపాడు. మేస్త్రీ పక్కన కూర్చున్నాడు. ఎత్తు రోడ్డు మొదట్లోనే గులకరాళ్లు మోగాయి. తమ్ముడు ఆపి, బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్‌ని జొన్నగింజంత వెనక్కి తిప్పాడు. వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కారు. చప్పుడు తగ్గింది. ఇంకోసారి ఆపి, ఇంకాస్త తిప్పాడు. ఈసారి మేస్త్రీకి ఏ తేడా తెలియలేదు. అంతా బాగున్నట్టే అనిపించింది, ఆ మాట అనబోయాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. మూడోసారి దిగి, ఈసారి ముందుకి, కంటికి కనిపించనంత తిప్పి, యాక్సిలరేటర్ తొక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి విన్నాడు. కారు ఎత్తు మీదికి గాలి పీల్చుకున్నట్టు సాగిపోయింది. నీళ్ల ట్యాంకు పక్కన చదును మీద ఆపాడు.

"బాగుంది," అన్నాడు.

మేస్త్రీ స్పానర్ తీసుకుని కిందికి దిగాడు. బానెట్ కిందికి వంగి, ఆ బోల్టుని రెండు చేతులతో బిగించాడు. నర్సమ్మ కిటికీ అద్దం దించి, ఏ అంకె దగ్గర పెట్టారని అడిగింది. ఆ సంగతి అట్టముక్క మీద రాసివ్వకుండా మేస్త్రీ ఎప్పుడూ కారు అప్పగించలేదని ఆవిడకి తెలుసు.

"లైటు పెట్టి చూడలేదమ్మా," అన్నాడు మేస్త్రీ. "మా తమ్ముడు బాగుందన్నాడు."